సిమెంటు బావ

నిన్న పొద్దున మా వీధిలోకి పాత సామాన్లు కొనే ఆటో వచ్చింది. పాత ఇనుము, పగిలిన బకెట్లు, పాడైన కూలర్లు కొంటామని మైకులో ఒకే గొంతు ఒకే రాగంతో అరుస్తూ ఉంటుంది చూడండి, అదే. మా ఆవిడ ఆ గొంతు కోసమే కాచుకుని ఉన్నట్టుంది, నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి ఆటో మా గేటు ముందు ఆగి ఉంది, ఆటో అతను మా పెరట్లో నిలబడి ఉన్నాడు. అతని ముందు, బట్టలుతికే బండ పక్కన, నా ఇనుప చట్రం. కింద ఒక చెక్క, పైన ఒక చెక్క, మధ్యలో చిరిగిన స్పాంజి, అడుగున లారీ జాకీ. అతను దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇదేంది సార్, చెరుకు రసం మిషనా?" అని అడిగాడు. కాదన్నాను. "మరి మురుకులదా?" అన్నాడు. అదీ కాదన్నాను. "కత్తులకు ఒరలు..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. అతను నన్ను కొంచెం అనుమానంగా చూశాడు. కత్తులు, ఒరలు అంటే ఎవరైనా అలాగే చూస్తారు. "దాని కథ వింటే నీ బేరం మాపటికి గానీ తెగదు, ముందు తూకం వెయ్యి నాయనా" అంది మా ఆవిడ. ఎందుకో నాకు మనసొప్పలేదు. కాలిపోయిన మోటారు ఒకటి, తుప్పు పట్టిన వాల్వులు కొన్ని ఇచ్చి అతణ్ణి పంపించేశాను. మా ఆవిడ ఇప్పటికీ ముభావంగానే ఉంది. అతనికి చెప్పలేకపోయిన సంగతి మీకైనా చెబుదామని కూర్చున్నాను.

నాకు కోదాడలో పైపుల దుకాణం. బోర్లకు వేసే నీలం రంగు కేసింగ్ పైపులు, పొలాలకు పరిచే పైపులు, వాటి వంపులూ మూతలూ అమ్ముకుంటూనే జుట్టు నెరిసింది. ప్లాస్టిక్ పైపు వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే అప్పుడు ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారంలోనే గట్టిపడిపోతుంది. పొలం దగ్గర జాయింటు దొరక్కపోతే గడ్డి మంట మీద పైపు మూతి కాచి రెండో పైపు మీదికి ఎక్కించడం మా వైపు ప్రతి రైతుకూ తెలుసు. నాకు తెలిసిన సైన్సు కూడా అంతే. అంతకు మించి తెలుసునని నేను ఎన్నడూ అనుకోలేదు గానీ, మా అక్క అనుకుంది. చిన్నప్పుడు ఒకసారి ఆమె రేడియో విప్పి మళ్ళీ బిగించాను. అది మళ్ళీ మోగలేదు, కానీ బిగించాను కదా. ఆ నమ్మకం ఆమెకు అలాగే ఉండిపోయింది.

అక్కను సూర్యాపేట దగ్గర ఒక ఊరికి ఇచ్చాం. బావ తాళ్ళు గీస్తాడు, అంటే తాటిచెట్లెక్కి కల్లు తీస్తాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నడుముకూ చెట్టుకూ కలిపి మోకు తగిలించుకుని, తాళ్ళెక్కేవాళ్ళ దేవుడు కాటమయ్యకు ఒక దండం పెట్టి, చకచకా ఎక్కిపోతాడు. బక్కగా ఉండే మనిషి కాదు, గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోయేది. ఏ చెట్టు గుణం ఏమిటో చెబుతాడు: ఇది మొండిది, ఇది పిసినారిది, ఇది ఆడబిడ్డ లెక్క అలుగుతది అని. తాను గీసిన కల్లు తాను తాగేది మాత్రం బహు తక్కువ. నా మాట మీద ఆయనకు ఎప్పుడూ నవ్వే. కోదాడ వాళ్ళం కదా, పక్కనే ఆంధ్ర, మా మాట అటూ ఇటూ కాకుండా ఉంటుంది. నేను ఫోనులో "చెప్పండి బావా" అంటే చాలు, "ఏం బామ్మర్ది, యాడున్నవ్, జగ్గయ్యపేటల దిగినవా?" అనేవాడు.

ఒక శీతాకాలం మొదట్లో బావ చెట్టు దిగుతుంటే నడుముకు వేలాడే పాత తోలు పొదిలోంచి గీత కత్తి జారింది. జారి ఊరికే కింద పడలేదు, పిక్క మీద గీసుకుంటూ పడింది. గీత కత్తి అంటే మన కూరగాయల కత్తి కాదు. వెడల్పుగా, పలచగా, రోజూ నూరడం వల్ల గాలి తగిలినా తెగేట్టు ఉంటుంది. కుట్లు పడ్డాయి. కుట్లు విప్పకముందే బావ మళ్ళీ చెట్టెక్కాడు. ఆ మర్నాడే అక్క బస్సెక్కి మా దుకాణానికి వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా, చుట్టలు చుట్టి పెట్టిన నల్ల పైపు మీద కూర్చుని, "మీ బావ చెట్లు ఇడ్వడు. నేను జెప్పి జెప్పి ఖతమైన. నువ్వన్న ఆ కత్తికి జర మంచి ఒర జెయ్యిరా తమ్ముడూ. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు అది జారొద్దు. గంతే, ఇంకేం అడగ" అంది. కళ్ళల్లో నీళ్ళు లేవు, కోపం ఉంది. అక్క ఏడిస్తే నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణేమో. కోపంగా అడిగింది కాబట్టి సరేనన్నాను.

ఫోనులో వెతికితే ఎవరో దూరదేశపు గడ్డం ఆయన కనిపించాడు. ప్లాస్టిక్ రేకు వేడి చేశాడు, కత్తి చుట్టూ మడిచాడు, రెండు స్పాంజి చెక్కల మధ్య పెట్టి నొక్కాడు. తీస్తే కత్తి ఆకారం అచ్చుగుద్దినట్టు దిగింది. తలకిందులుగా పట్టుకుని ఊపినా కత్తి పడలేదు. ఇంత సులువా అనుకున్నాను. ఆయన దగ్గర ఉన్న రేకు మన దగ్గర లేదు, కానీ కేసింగ్ పైపు ఉంది. నిలువునా కోసి వేడి చేసి చదును చేస్తే అదే రేకు. ఆయన దగ్గర ఉన్న పొయ్యి లేదు, కానీ మా ఆవిడ దోసెల పెనం ఉంది. ఆ పెనం సంగతి వివరంగా రాయను. ఇల్లంతా మాడు వాసన, నీలం రంగు పొర పెనానికి అతుక్కుపోయింది, మా ఆవిడ గరిట చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "నీళ్ళల్ల మరగబెట్టొచ్చు కదా, గంత తెల్వదా? మిర్యాలగూడల మా తాత పైపులు గట్లనే మెత్తబర్చేటోడు" అంది. తెలియదు. ఆ మాట ముందే చెబితే పెనం మిగిలేది కదా అంటే గరిట ఇంకొంచెం పైకి లేచింది. అప్పటి నుంచి స్నానాల నీళ్ళు కాచే పెద్ద కాగులో పైపు ముక్కలు ఉడకబెట్టడం మొదలైంది. కొత్త పెనం కొన్నాం, అది ఆమె బీరువాలో పెట్టుకుంది.

ఇక నొక్కే యంత్రం. మా ఆవిడ తమ్ముడు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో మిషన్లు చూసుకుంటాడు. ఏది అడిగినా లేదనడు, అలాగని ఎందుకూ అని కూడా అడగడు. "బావా, జాకీ ఉంది, దామరచర్ల పోయే లారీది, పాతదైంది, పంపియ్యాల్నా?" అన్నాడు. జాకీతో పాటు మిల్లులో అరిగిపోయి పక్కన పడేసిన రబ్బరు ముక్కలు, ట్రాక్టరు సీటు స్పాంజి, వాటితో పాటు ఒక బస్తా సన్నబియ్యం కూడా వచ్చాయి. వెల్డింగు దుకాణంలో చట్రం చేయించాను. జాకీని అడుగున పెట్టి లేపితే కింది చెక్క పైకి పోయి పై చెక్కకు నొక్కుకోవాలి. మొదటిసారి లేపితే చెక్క పెళ్ళుమని రెండు ముక్కలైంది. రెండోసారి చట్రమే ఒకవైపు ఒరిగి జాకీ గెంతింది. మూడోసారి అన్నీ నిలబడ్డాయి, కత్తి అచ్చు బ్రహ్మాండంగా దిగింది, కానీ కత్తి బయటికి రాలేదు. అక్క పంపిన పాత కత్తి అది. నేను ఒర పట్టుకుని, మా ఆవిడ పిడి పట్టుకుని లాగాం. జారకూడదు అంది కదా, జారలేదు. ఎక్కడ తప్పు జరిగిందో తెలియక రెండు రోజులు దాన్ని అలాగే బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. తరవాత కత్తికి పాలిథిన్ కవరు చుట్టి నొక్కితే ఆ మందం మేర సందు మిగిలి, కత్తి బిగువుగా ఉంటూనే ఒంటి చేత్తో లాగితే వస్తోంది.

సంబరంగా బస్సులో సూర్యాపేట పోయి ఒర బావ చేతికిచ్చాను. కట్టుకుని చెట్టెక్కి దిగివచ్చాడు. "కత్తి మంచిగనే ఉంది. ఒర ఊగుతుంది" అన్నాడు. చదునైన పలక కదా, నడుము మీద ఆనడం లేదు. ఊగినప్పుడల్లా చెట్టుకు తగులుతోంది, ఒక్కోసారి మోకులో ఇరుక్కుంటోంది. "అది నా నడుముకు అతుక్కొని ఉండాలె బామ్మర్ది. నా ఒంట్లె ముక్క లెక్క ఉండాలె. లేకుంటే పైన ఒక చెయ్యి దాని ఎనకనే పోతది." పైన చేతులు రెండే ఉంటాయి, రెంటికీ పని ఉంటుంది. ఆ మాట విన్నాక అక్క మొహం చూడలేకపోయాను.

అంటే ఒర వెనక పలక బావ నడుము వంపులోనే వంగాలి. ప్లాస్టిక్కుకు వంగడం కష్టం కాదు, దేనిమీద వంచాలన్నదే ప్రశ్న. మరిగిన పలకను తిన్నగా బావ నడుముకే చుడదామంటే అక్క ఒప్పుకోలేదు. అప్పుడు మా ఎదురింటి వాళ్ళు మేడ కడుతున్నారు, వీధిలో ఇసక కుప్ప ఉంది. ఆ కుప్పను చూస్తుంటే నాకొక ఉపాయం తట్టింది. బావనూ అక్కనూ కోదాడ పిలిపించాను. ఇసక తడిపి, గట్టిగా చదును చేసి, బావను లుంగీ బిగించి దాని మీద పక్కకు తిరిగి పడుకోమన్నాను. బావ నన్ను ఒకసారి, ఇసకను ఒకసారి చూసి, "ఇది ఆ ఫోన్ల ఉన్నదా, నీ సొంతమా?" అని అడిగాడు. సొంతమే అన్నాను. నిట్టూర్చి పడుకున్నాడు. వీధి చివరి కిరాణా కొట్టాయన పరుగెత్తుకుంటూ వచ్చి, "అయ్యో, ఎవరండీ, కల్లు ఎక్కువైందా?" అన్నాడు. బావ కళ్ళు మూసుకునే, "లేదన్నా, నడుం ఫోటో దిగుతున్న" అన్నాడు. లేచాక ఇసకలో చక్కటి గుంట మిగిలింది. అందులో సిమెంటు పోశాం. అది గట్టిపడి తీశాక బావ నడుమూ తొడ పైభాగమూ కలిసిన ఒక బరువైన బొమ్మ వచ్చింది. మా ఆవిడ దానికి సిమెంటు బావ అని పేరు పెట్టి, సంకోచం కొద్దీ దాని మీద ఎప్పుడూ ఒక తువ్వాలు కప్పి ఉంచేది.

ఆ రోజు మధ్యాహ్నం అందరం కలిసి తిన్నాం. అక్క తలకాయ కూర వండింది, బావ మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆ వివరం ఎందుకు చెబుతున్నానో తరవాత తెలుస్తుంది. వాళ్ళు ఊరికి పోయి, సిమెంటు పూర్తిగా ఆరాక, సిమెంటు బావను చట్రంలో కింది చెక్క మీద పెట్టి, మరిగిన పలక దాని మీద వేసి, పైన స్పాంజి, జాకీ. చల్లారాక తీస్తే పలక ఆ వంపులో వంగి ఉంది. ముందర కత్తి జేబును రివెట్లతో బిగించి, తాడు దూర్చడానికి రెండు చీలికలు చేసి, సూర్యాపేట పోయి బావకిచ్చాను. కట్టుకుని నాలుగడుగులు నడిచి, గంతు వేసి, కూర్చుని లేచి చూశాడు. కదలలేదు. చెట్టెక్కి వచ్చాక ఆ సాయంత్రమే ఫోను చేశాడు. "కట్టుకున్నట్టే లేదు బామ్మర్ది" అన్నాడు. అంతకు మించిన మెప్పు బావ నోటి నుంచి నేను ఎన్నడూ వినలేదు. అక్క ఫోను లాక్కుని, "ఇగ నిద్రపడ్తది నాకు" అంది. నాకైతే ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

శివరాత్రి దాటి ఎండలు ముదిరాక అక్క నుంచి మళ్ళీ ఫోను. "ఏంరా, ఒర లూజైంది. నిన్న మోకుల ఇరుక్కుందంట, సగం చెట్టు మీద ఆగిపోయిండంట. నాకు చెప్పలే, పక్కాయన జెప్పిండు." వెంటనే బావనడిగితే, "కత్తి మంచిగనే ఉంది, ఒర ఊగుతుంది" అని మళ్ళీ పాత పాటే. ఎండకు ప్లాస్టిక్ మెత్తబడి వంపు పోయిందనుకున్నాను. న్యాయమే కదా, మా సూర్యాపేట ఎండలకు రోడ్డు మీద తారే కరుగుతుంది. ఒర నీడలో పెట్టమన్నాను. చెట్టు మీద నీడ యాడిదిరా అంది అక్క. సరే, ఇంకా మందం పైపు తీసుకుని, అదే సిమెంటు బావ మీద కొత్త ఒర నొక్కి బస్సులో పంపాను. అది కట్టుకున్న మొదటి రోజు నుంచే ఊగుతోందన్నాడు. ఎండ తగలకముందే లూజు ఎలా అవుతుంది? నాకు అర్థం కాలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది నా తికమక. స్పాంజి చచ్చిపోయి సరిగా నొక్కడం లేదనుకున్నాను. మిర్యాలగూడ పోయి రబ్బరు మార్చుకొచ్చాను. మా ఆవిడ తమ్ముడు జాకీ మీద అనుమానపడి, ఆయిలు మార్చి, "బావా, పైపుల కంపెనీ మాలు మార్చిండేమో" అని ఒక కొత్త అనుమానం కూడా జతచేసి పంపాడు. నీళ్ళు తక్కువ మరిగాయా, ఎక్కువ మరిగాయా? చట్రం ఒరిగిందా? తాడు సాగిందా? చల్లారకముందే తీస్తున్నానా? ఒక్కో అనుమానానికి ఒక్కో ఒర. అన్నీ ఊగుతున్నాయి. మా ఆవిడ మాత్రం, "ఆ రోజు అన్నయ్య తలకాయ కూర మూడుసార్లు తిన్నడు. తిన్నంక ఒళ్ళు ఉబ్బింది, దాని మీద కొలత తీసిన్రు" అని తేల్చింది. కొలత తీసింది తినకముందు కదా అంటే, "అయితే తింటానన్న సంతోషంల ఉబ్బింది" అంది. ఆ దశలో నాకు అది కూడా సబబుగానే తోచింది. దుకాణానికి వచ్చినవాళ్ళు రెండంగుళాల పైపు అడిగితే మూడంగుళాలది ఇచ్చి పంపుతున్నాను. ఒక విషయం మాత్రం స్పష్టంగా తెలుసు: ఆ ఒర కుదరనంత కాలం బావ పొద్దునా సాయంత్రం ఒక చెయ్యి దాని వెనకే పంపుతూ చెట్టెక్కుతున్నాడు. ఫోను మోగితే చాలు, ముందు పేరు చూసి, అక్కది కాదని నిర్ధారించుకున్నాకే ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

చివరికి విసిగిపోయి, ఇద్దరినీ కోదాడ రమ్మన్నాను. అన్ని ఒరలూ తెమ్మన్నాను. నా కళ్ళ ముందు కట్టి చూపిస్తే గానీ ఎక్కడ తేడా ఉందో తెలియదని. ఎండలో బస్సు దిగి వచ్చారు. బావ రాగానే దుకాణంలో ఉన్న నీళ్ళ క్యాను దగ్గర నిలబడి గ్లాసు మీద గ్లాసు తాగాడు. ఎండాకాలం కదా, ఎవరైనా తాగుతారు. దుకాణంలో ఉన్న ఒక రైతు, "అన్న మంచిగ సన్నబడ్డడు, పోరగాని లెక్క అయిండు" అన్నాడు. బావ నవ్వాడు. నేనూ నవ్వాను.

పెరట్లో సిమెంటు బావ మీద తువ్వాలు తీసి, వంపు చేసిన మొదటి ఒరను, ఎండకు ఆ వంపు పోయిందనుకున్న దాన్ని, దాని మీద పెట్టాను. సరిగ్గా కూర్చుంది. కాగితం కూడా దూరలేదు. రెండోది పెట్టాను, అదీ అంతే. మూడోది, ఆ తరవాతవి అన్నీ. ఒక్కటి కూడా ఊగలేదు. బావను పక్కన నిలబెట్టి అవే ఒరలు ఒక్కొక్కటే ఆయన నడుముకు కట్టి చూశాను. నడిమధ్యన ఆనుతోంది, రెండు అంచులూ పైకి లేస్తున్నాయి. ఒక్కటి కూడా ఆనలేదు.  "సిమెంటుకు సరిపోతుంది, మనిషికి సరిపోవడం లేదు. ఇదేం మాయ?" అన్నాను. సిమెంటు ఎండకు సాగుతుందా అని కూడా ఒక్క క్షణం ఆలోచించాను, అబద్ధమెందుకు. అక్క ముందుకు వచ్చి, లేచిన అంచు కింద తన చెయ్యి పెట్టింది. చెయ్యి వేళ్ళ దాకా కాదు, మణికట్టు దాకా పోయింది. ఆమె చేతిని అక్కడే ఉంచి బావ మొహంలోకి చూసింది. తరవాత మెడ కేసి, భుజాల కేసి చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా అంతలా చూసి ఉండదు.

"ఒరలన్నీ మంచిగనే ఉన్నయి. అన్నయ్యే తగ్గిండు వదినా" అంది మా ఆవిడ, మెల్లగా.

అక్క అక్కడే బట్టలుతికే బండ మీద కూలబడింది. "రోజూ అన్నం పెట్టేది నేను. రోజూ నీళ్ళు తోడేది నేను. నాకెట్ల కనపడలే?" అని ఒకటే మాట. బావ ఆమెను సముదాయించబోతూ, "ఎండలకు జర చిక్కిన, గంతే. దానికే ఇంత పరేషానా?" అన్నాడు. ఎండలని, నీళ్ళు ఎక్కువ తాగుతున్నాడంటే ఎండలని, రాత్రి లేచి పదేపదే బయటికి పోతున్నాడంటే తాగిన నీళ్ళని, ప్రతిదానికీ ఒక కారణం వాళ్ళింట్లో తయారుగా ఉంది. నా దగ్గర స్పాంజి, జాకీ, పైపుల కంపెనీ ఉన్నట్టే. ఆ మధ్యాహ్నం ఆయన వద్దంటున్నా వినకుండా సూర్యాపేట బస్సెక్కించి, అటు నుంచి అటే దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టరమ్మ వేలు గుచ్చి చూసి, షుగరు బాగా ఎక్కువగా ఉందని, చాలా రోజుల నుంచే ఉండి ఉంటుందని చెప్పింది. ఒళ్ళు కరిగిపోయింది అందుకేనంది. తరవాత బావను బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, సన్నటి దారపు పోగు లాంటిది అరికాళ్ళకు తాకిస్తూ, తాకినప్పుడల్లా చెప్పమంది. మేమిద్దరం పక్కనే నిలబడి చూస్తున్నాం. ఆమె తాకిస్తూనే ఉంది. బావ ఏమీ అనడం లేదు. ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఓపిగ్గా కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. కాసేపటికి, "ఎప్పుడు షురూ జేస్తరమ్మా?" అని అడిగాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు నాకు వేసిన భయం ఇప్పుడు రాస్తుంటే కూడా వేస్తోంది. మేం ఇన్నాళ్ళూ కత్తి జారుతుందేమో అని చూస్తున్నాం. ఆయన స్పర్శ లేని కాళ్ళతో తాళ్ళెక్కుతున్నాడు.

"కాళ్ళు తిమ్మిరిగా ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదా?" అని డాక్టరమ్మ అడిగితే, "చెట్లెక్కేటోని కాళ్ళు మొద్దుబారుతయి గదమ్మా, గది మామూలే అనుకున్న" అన్నాడు. ఇక చెట్టెక్కకూడదని, ఈ పాదాలతో అసలే వద్దని ఆమె గట్టిగా చెప్పింది. ఎన్ని మాటలు చెప్పినా వినని మనిషి, ఆ మాటకు తలూపాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, చెప్పులు విప్పి, తన అరికాళ్ళను తానే చేత్తో తడిమి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. "మల్ల నా చెట్లు?" అన్నాడు. ఎవరినీ అడిగినట్టు లేదు. అక్క ఆ ప్రశ్నకు ఎన్నేళ్ళ నుంచో జవాబు తయారుగా పెట్టుకుందని నాకు తెలుసు. ఆ రోజు మాత్రం పక్కన కూర్చుని ఆయన చెప్పులు తుడిచి ముందు పెట్టింది. నేను టీ తెస్తానని లేచిపోయాను. చక్కెర లేని టీ ఎక్కడ దొరుకుతుందో తెలియక బస్టాండు చుట్టూ తిరిగి ఉత్త చేతులతో వచ్చాను.

మాత్రలు పడ్డాయి, తిండి మారింది. ఒళ్ళు మెల్లగా తిరిగి వచ్చింది, పాత ఒర మళ్ళీ నడుముకు ఆనింది. కాళ్ళలో స్పర్శ మాత్రం కొంతే వచ్చింది. చెట్లను గీత కార్మికుల సంఘంలోనే ఇంకొకాయనకు అప్పగించాడు. కానీ పొద్దున్నే తాటివనానికి పోవడం మానలేదు, కత్తి నడుముకు కట్టుకోవడమూ మానలేదు. ఆ కొత్తాయన ఎక్కుతుంటే కింద నిలబడి, "అది మొండిది, ఎడమ దిక్కు నుంచి గీయ్" అని సలహాలు చెబుతాడట. ఆయన అప్పుడప్పుడు విసుక్కుంటాడట కూడా. ఉత్త కత్తి ఎందుకు మోస్తావని ఒకసారి నేను అడగబోతే, అక్క కళ్ళతోనే నన్ను ఆపేసింది.

మొన్నామధ్య వాళ్ళింటికి పోయినప్పుడు చూశాను. బావ బయలుదేరుతున్నాడు. ఒర కట్టుకుని వాకిట్లో నిలబడి, ఎటూ కదలకుండా, అడగకుండానే రెండు చేతులూ కొంచెం పైకెత్తాడు, బట్టలు కుట్టేవాడి ముందు నిలబడ్డట్టు. అక్క పొయ్యి దగ్గర నుంచి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఒర అంచు కింద వేళ్ళు పెట్టి చూసింది. వేళ్ళు దూరలేదు. "పో ఇగ" అంది. ఆయన పోయాడు. రోజూ ఇదేనా అక్కా అంటే, "రోజూ జూస్తే ఏం కనపడదురా. చెయ్యి పెడితేనే తెలుస్తది" అని మళ్ళీ పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది. ఎదురుగా ఉన్న మనిషి నుంచి కాలం కొంచెం కొంచెంగా ఎత్తుకుపోతూనే ఉంటుంది, మనం పక్కనే కూర్చుని ఒర వదులైందనుకుంటాం.